రాని విజిళ్ల లెక్క

దిల్‌సుఖ్‌నగర్‌లో మొట్టమొదటి ప్రెషర్ కుక్కర్ మా ఇంట్లోనే కూసింది. ఆ కూత విని మలక్‌పేట నుంచి జనం రిక్షాలు కట్టించుకుని మరీ చూడటానికొచ్చారు. లైన్లో నిలబెట్టి పంపించాల్సి వచ్చింది.

సరే, ఎవరూ రాలేదు. మేము కిరాయికున్న ఇంటి ఓనరమ్మకు అప్పటికే రెండు కుక్కర్లున్నాయి. మా కుక్కర్ మొదటి విజిల్‌కు జడుసుకుని వాకిట్లోకి ఉరికింది నేనొక్కణ్నే. ఈ ముక్క ఇంత తొందరగా ఎందుకు ఒప్పుకుంటున్నానంటే, దీనికన్నా పెద్దది ఒకటి ఒప్పుకోవాల్సి ఉంది.

మనిషి నిప్పు రాజేసిన తర్వాత వంటింట్లో వచ్చిన అతి పెద్ద మార్పు కుక్కరేనని నా వాదన. అంతకుముందు కుండ మూత తీసి చూసేవాళ్లు. మా అమ్మ గరిటెతో నాలుగు పప్పు బద్దలు తీసి వేళ్ల మధ్య నలిపి చూసేది. కుక్కర్ రాగానే మూత బిగుసుకుపోయింది. లోపల ఏమవుతోందో కంటికి కనపడదు, వేలికి అందదు. వంట మొత్తం చెవి మీద పడింది. కందిపప్పుకు మూడు విజిళ్లు, శనగలకు ఆరు.

మా ఆవిడ నలభై ఏళ్లు అట్లనే విని వండింది. మూడేళ్ల కింద ఆమెకు చెవులు మందగించాయి. దవాఖానలో మిషన్ ఇచ్చారు గానీ, అది పెట్టుకుని పొయ్యి దగ్గర నిలబడితే విజిల్ నెత్తిలో మేకు దిగినట్టుంటుందట. తీసి ఫ్రిజ్ మీద పెడుతుంది. అప్పట్నుంచి విజిళ్లు లెక్కపెట్టడం నా డ్యూటీ. ఎల్బీనగర్‌లో మా ఫ్లాటు చిన్నది. హాల్లో కుర్చీలో కూర్చుని, వంటింటి గుమ్మంలోంచి ఆమెకు కనపడేలా వేళ్లు ఎత్తుతాను. చెప్పినన్ని వేళ్లు లేస్తే ఆమె పొయ్యి కట్టేస్తుంది.

నావి పాముచెవులు. రింగు రోడ్డు మీద బస్సు హారన్ కొడితే, ఏ డిపో బస్సో ఇంట్లోంచే చెప్తాను. చెవులు మంచివే, ధ్యాసే లేదు. ఫోన్లో పేకాట ఆడుకుంటూ ఒక్క విజిల్‌కు రెండు వేళ్లు చూపించిన రోజులున్నాయి. ఏమీ వినకుండానే, చాలాసేపయింది కదా అని మూడో వేలు లేపిన రోజులూ ఉన్నాయి.

పోయిన వానాకాలం హయత్‌నగర్ నుంచి మా చెల్లె భోజనానికొచ్చింది. పప్పు బద్దలు పంటి కింద పటుక్కుమన్నాయి. "ఏంది వదినా, నీ చెయ్యి గింత పడిపోయింది" అని నవ్వింది. మా ఆవిడ నవ్వలేదు. ఆ రోజు నేను రెండో విజిల్‌కే మూడు వేళ్లు చూపించాను. తల వంచుకుని ఆ బద్దలే నమిలి మింగాను. ఆ తర్వాత ఇంటికి ఎవరొస్తున్నారన్నా ఆమె కర్రీ పాయింట్ నుంచి తెమ్మనేది. "నాతోని ఐతలేదయ్యా" అనేది. "పెద్దతనం గదనే" అన్నాను నేను. ఆ మాట అన్నది నేనే.

మొన్న ఒక పొద్దున శనగలు పెట్టింది. ఆరు కావాలి. పేకలు పంచుకున్నాను. విజిల్ వినిపించింది, ఒక వేలు. రెండు. మూడు. తర్వాత ఎంతసేపటికీ లేదు. ఆమె రెండుసార్లు తొంగిచూసింది. నేను అదే మూడు చూపించాను.

బెల్లు మోగింది. పక్క ఫ్లాటు అమ్మాయి, గుంటూరు వైపు వాళ్లు, చేతిలో గిన్నె.

"దోసకాయ పప్పండి బాబాయ్ గారూ, వేడి మీద తినండి. ఇవాళ మీరు కుక్కర్ పెట్టలేదా ఏంటి? ఒక్క విజిలూ వినపడలేదు."

"ఎందుకు రాలే? మూడొచ్చినయ్ గద!"

"అయ్యో, అవి మావండీ!"

వాళ్ల వంటింటి కిటికీ, మాదీ ఒకే సందులోకి ఉంటాయి. అంటే మా కుక్కర్ అరగంట నుంచి పెద్ద మంట మీద, ఊపిరి వదలకుండా ఉడుకుతోంది. అటు తిరిగి చూశాను. మా ఆవిడ నాకు వీపు చేసి నిలబడి, ఇంకా మూడు రావట్లేదేమని గరిటె కాడతో కుక్కర్ మీది వెయిట్‌ను పొడవబోతోంది.

"ఏయ్!" అని అరిచాను. ఆమెకు వినపడదు.

ఒక్క దూకు దూకి, గరిటె గుంజుకుని, ఆమెను ఎత్తుకుని బయటపడ్డానని ఈ వారంలో నలుగురికి చెప్పాను. నా కాళ్లు గుమ్మం దాటలేదు. ఆ అమ్మాయే గిన్నె నా చేతిలో పెట్టి లోపలికి పోయింది. వంగి సిలిండర్ కట్టేసింది. మా ఆవిడ మోచెయ్యి పట్టి వెనక్కి లాగింది. నేను పప్పు గిన్నె పట్టుకుని నిలబడ్డాను.

"ఏందమ్మా? ఏమైంది?" అంటూ ఆమె నా వైపు చూసింది. ఒకటికి సైగ ఉంది, ఆరుకు సైగ ఉంది. ఒక్కటీ రాలేదని చెప్పడానికి మాకు సైగ లేదు. సున్నా అన్నట్టు పిడికిలి బిగించి చూపించాను.

"నన్నెందుకు కొడ్తనంటున్నవ్?" అని విదిలించుకుని మళ్లీ పొయ్యి వైపు తిరిగింది. ఆ అమ్మాయే ఆమె నడుము చుట్టూ చేతులేసి బయటికి తెచ్చింది.

ముగ్గురం మెట్ల దగ్గర నిలబడ్డాం. "చల్లారేదాకా ఎవరూ లోపలికెళ్లద్దు. సేఫ్టీ వాల్వ్ ఎప్పుడు మార్చారండీ?" అందా అమ్మాయి.

"పోయిన నెలే" అన్నాను. కొన్నప్పట్నుంచి దాని మొహం చూడలేదు. లోపల్నుంచి టక్కుమని చప్పుడొచ్చింది. మా ఆవిడకు వినపడలేదు గానీ, నా మొహం చూసి నా చొక్కా పట్టుకుంది. ఇంకో టక్కు. తర్వాత ఏమీ లేదు. ఏమీ లేకపోవడం ఇంకా భయంగా ఉంది.

చాలాసేపటికి ఆ అమ్మాయే వెళ్లి మూత తీసింది. ఆవిరి పోయే బెజ్జంలో శనగపొట్టు ఇరుక్కుంది. శనగలు అడుగంటి మాడాయి. అంతే.

ఆ అమ్మాయి వెళ్లాక మా ఆవిడ ఫ్రిజ్ మీది మిషన్ తీసి చెవికి పెట్టుకుంది.

"ఇప్పుడు ఇంటున్న. చెప్పు. గా మూడు ఏడివి?"

"పక్కింటోళ్లయి."

"ఇయ్యాలనేనా?"

ఇవాళ ఒక్కరోజే అంటే అయిపోయేది. ఆమె నమ్మేది కూడా. కానీ ఆమె మిషన్‌ను చెవికి అదిమిపట్టుకుని నా నోటి వంకే చూస్తోంది.

"ఇయ్యాలనే కాదు."

"మీ చెల్లె ఒచ్చిన్నాడు?"

"రెండే ఒచ్చినయ్. మూడు చూపెట్టిన."

అరుస్తుందనుకున్నాను. స్టూలు మీద కూర్చుంది. "అప్పటిసంది నా చేతులు నేనే చూసుకుంటున్న, ఏం తక్కువైంది వీటికని" అంది. ఫోన్ నా ముందుకు తోసి, "ఫోన్ చెయ్ మీ చెల్లెకు" అంది. "స్పీకర్ల పెట్టు."

"అన్నా! ఏంది పొద్దుగాల్నే, అంత మంచిదేనా?"

"మంచిదే. గా దినం పప్పు ఉడకలే సూడు, గ్యాస్ జర సన్నగొచ్చి..." నోటి నుంచి అదే వచ్చింది. మా ఆవిడ తల తిప్పుకోలేదు. గొంతు సవరించుకున్నాను. "గ్యాస్ కాదే. మీ వదినె కాదు. నేను విజిళ్లు దొంగ లెక్క చెప్పిన."

అవతల టీవీ కట్టేసిన చప్పుడైంది.

"నువ్వు సిగ్గు లేనోనివన్నా" అంది మా చెల్లె. "వదినా, ఇంటున్నవా? ఐతారం ఒస్తున్న. పప్పు నువ్వే చెయ్యాలె."

"రా. చేస్త. ఈన ఉండడు ఇంట్ల."

ఆదివారం పదింటికి మా చెల్లె రాగానే మా ఆవిడ నా చేతిలో గొడుగు పెట్టి బయటికి పంపి, లోపల్నుంచి గొళ్లెం వేసుకుంది. మెట్రో స్టేషన్ మెట్ల మీద కూర్చున్నాను. ఒంటిగంట దాటాక మా చెల్లె ఫోన్ చేసింది.

"గిన్నె తుడిచినం అన్నా. నువ్వు ఆడ్నే ఏమన్న తిని రా."