మా పిల్లి, మూడు ఆసుపత్రులు

ఎమ్మిగనూరులో మా వీధివాళ్ళ కుక్కకో పిల్లికో ఒంట్లో బాగాలేకపోతే ఇప్పుడు మా గడప తొక్కుతున్నారు. "వదినా, నువ్వు మూడు ఆసుపత్రులు తిరిగినావు గదా, యాది మంచిదో సెప్పు" అంటారు. తిరిగిన మాట నిజమే. ఇక్కడి ప్రభుత్వ పశువుల ఆసుపత్రి ఒకటి, ఆదోనిలో ప్రైవేటువి రెండు. ఏది ఎలా ఉంటుందో నాకు బాగానే తెలుసు. అయినా ఫలానాది మంచిదని ఒక్క మాటలో చెప్పలేకపోతున్నాను. ఎందుకో ఒకసారి రాసి పెట్టుకుంటే మంచిదనిపించింది.

మాది మగ్గం ఇల్లు. ఆయన నేస్తాడు, నేను నూలు కండెలు చుడతాను. నేను బడికి పోలేదు. మా నాయన మగ్గం పక్కన కూర్చోబెట్టుకుని పలక మీద అక్షరాలు దిద్దించాడు. ఆ పుణ్యాన తెలుగు చదవగలను, రాయగలను. ఇంగ్లీషు మాత్రం ఒక్క ముక్క రాదు.

పిల్లి తనంతట తానే వచ్చింది. వానకు తడిసి గడపలో కూర్చుంటే తువ్వాలుతో తుడిచాను, అంతే, ఉండిపోయింది. పేరు పెట్టలేదు. "ఏమే" అంటే వస్తుంది. పిల్లలు లేని ఇంట్లో పిలిస్తే పలికే ప్రాణం ఒకటి ఉండడం ఎంత భాగ్యమో, ఆ "ఏమే" అనే మాటకు అది తోక ఎత్తుకుని వచ్చినప్పుడల్లా అనుకునేదాన్ని.

మా ఇళ్ళలో ఒక పద్ధతి ఉంది. చీర కోసి తీశాక మిగిలే పోగుల ముక్కలను ఊడ్చి పారెయ్యం. బువ్వ పెట్టే నూలు కాళ్ళ కింద పడకూడదని బుట్టలో వేస్తాం. వాటినే పేని నేను దీపానికి వత్తులు చేస్తాను. నూలుకు గంజి పట్టించి ఉంటుంది కాబట్టి ఆ బుట్టకు అన్నం వాసన. పిల్లి పడక అందులోనే. పోగులు నాకుతూ నిద్రపోతుంటే చూసి మురిసిపోయేదాన్ని తప్ప, ఇంకొక ఆలోచన రాలేదు.

ఒక గురువారం పొద్దున అది బుట్టలో నుంచి లేవలేదు. పాలు ముట్టలేదు. పసుపు నీళ్ళు కక్కింది. ఎత్తుకుని చూస్తే తోక కింద తెల్లటి పోగు కొస వేలాడుతోంది. నా చెయ్యి ఆలోచించలేదు. మగ్గం ఇంట్లో పుట్టిపెరిగినవాళ్ళ కంటికి వేలాడే పోగు కనబడితే చెయ్యి ఊరుకోదు. మెల్లగా, పడుగులో చిక్కు తీసినట్టు లాగాను. మూరెడు వచ్చింది. పిల్లి ఒక్క అరుపు అరిచింది. పోగు చేతిలోకి వచ్చేసింది.

ఎంత సంతోషపడ్డానో! లోపలున్న పీడ బయటపడిందనుకున్నాను. పోగు పారేసి, స్నానం చేసి, దీపం పెట్టి, మంత్రాలయం దిక్కు తిరిగి దండం పెట్టుకున్నాను. "స్వామీ, నా చేతితోనే బయటికి తీయించినావు, ఇంతకంటే ఏం కావాల" అన్నాను. ఆ మాటతో పోగు సంగతి నా మనసులో ముగిసిపోయింది.

పిల్లికి మాత్రం ముగియలేదు. మరునాడు కూడా వాంతులే. చీర కొంగులో చుట్టుకుని పశువుల ఆసుపత్రికి పోయాను. అక్కడ కర్రల మధ్య కట్టేసిన గేదె ఒకటి, నోటి పుండ్లతో గొర్రెలు, పేడ, మందుల వాసన. వరసలో నా ముందున్న గొర్రెల ఆయన నా కొంగులోకి తొంగి చూశాడు.

"పిల్లిని గూడా ఆసుపత్రికి తెస్తారామ్మా? మా కోసిగిలో అయితే దానంతట అదే బాగైతాది."

డాక్టరు తల తిప్పకుండానే అందుకున్నాడు. "నీ గొర్రెకొక న్యాయము, ఆమె పిల్లికొక న్యాయమా అప్పా? జరుగు."

అందరూ నవ్వారు. ఆయన చేతులు కడుక్కుని పిల్లి కడుపు నొక్కి చూశాడు. ఎన్నాళ్ళయింది, ఏం తింటుంది అని చీటీ మీద ఇంగ్లీషులో రాసుకుంటూ ఏవేవో అడిగాడు. అన్నిటికీ చెప్పాను. సూది వేసి, "రెండు దినాల్లో తగ్గకపోతే ఆదోనికి తీసుకుపో తల్లీ. ఈడ స్కానింగు లేదు" అని చీటీ నా చేతిలో పెట్టాడు. అంతలో గేదె తాడు తెంపుకుంది, అటు పరుగెత్తాడు. బయటికి వస్తూ, ఈయనకు పశువులే లోకం, నా పిల్లిని సరిగ్గా చూడలేదు అనుకున్నాను.

తగ్గలేదు. ఆదివారం ఇద్దరం ఆదోని బస్సెక్కాం. మూత ఉన్న ప్లాస్టిక్ బుట్టలో పిల్లి నా ఒడిలో. అక్కడి ప్రైవేటు ఆసుపత్రికి అద్దాల తలుపు, లోపల చల్లగా ఏసీ, గోడల నిండా కుక్కల బొమ్మలు, సబ్బు వాసన. మా ఆయన అరుగు మీద చెప్పులు విప్పబోతే, "వేసుకునే రండి" అన్నారు. ఆయన నా చెవిలో, "ఇది గదా ఆసుపత్రంటే! మనుషులకే ఇంత భాగ్యం లేదు" అన్నాడు. అక్కడి కుర్ర డాక్టరు పిల్లిని తూకం వేశాడు. మా చీటీ అంతా చదివాడు. కడుపులో పుండు కావచ్చని సెలైన్ పెట్టాడు, మెత్తటి తిండి పొట్లం ఒకటి ఇచ్చాడు. నెమ్మదిగా, మర్యాదగా మాట్లాడాడు. ఇంత మంచి చోటు చూపించినందుకు కూడా దేవుడికి దండం పెట్టుకున్నాను.

సోమవారం మళ్ళీ పోయాం, మళ్ళీ సెలైన్. మంగళవారానికి పిల్లి తల ఎత్తడం మానేసింది. "ఏమే" అంటే చెవి మాత్రం కదిలింది. అద్దాల గదిలో నా పక్కన బుర్ఖా వేసుకున్న ఆమె ఒకరు పొడుగు బొచ్చు పిల్లిని పెట్టుకుని కూర్చుంది. మా బుట్టలోకి చూసి గొంతు తగ్గించింది.

"అక్కా, ఏమనుకోవద్దు. నేను స్నానం చేయించేదానికి వస్తా ఈడికి. ఈడ స్నానం బాగా చేస్తారు. దీనికి పానం మీదికొచ్చినప్పుడు మాత్రం పిండిమర సందులో డాక్టరమ్మ దగ్గరికే ఉరికినా. నువ్వు గూడా పో, జల్దీ పో."

మా ఆయన సందేహించాడు. నేను లేచాను.

పిండిమర పైన ఒకటే గది. మెట్ల మీద పిండి. మర తిరుగుతుంటే నేల అదురుతోంది. డాక్టరమ్మ నడివయసు మనిషి, సాయానికి ఎవరూ లేరు. నేను చీటీ అందిస్తే, "తర్వాత చూస్తా, ముందు దాన్ని తీ" అని పక్కన పెట్టింది. పిల్లిని తువ్వాలులో చుట్టింది. నోరు తెరిచి, గడ్డం కింద బొటనవేలితో పైకి నొక్కింది. నాలుక లేచింది.

"ఫోన్ లైటు పట్టమ్మా."

పట్టాను. నాలుక మొదట్లో, కింది వైపు, కండలోకి కోసుకుపోయి తెల్లటి పోగు. రెండు కొసలూ గొంతులోకి దిగిపోయి ఉన్నాయి.

భయంతో పాటు కోపం కూడా వచ్చింది. "సూడు మేడం! ఎమ్మిగనూరు సారు నోరు తెరిసి గూడా సూడలా. గేదెల మధ్య యాడ సూస్తాడు? ఒక్క మాట అడిగింటే..." ఇంకా ఏదేదో అన్నాను.

ఆమె చీటీ తీసి చదివింది. ఒకసారి చదివి, నా ముఖం చూసి, మళ్ళీ చదివింది.

"ఆయన అడిగినాడమ్మా. దారం, తాడు ఏమీ మింగలేదని పిల్లి తెచ్చినామె చెప్పిందని రాసినాడు. కింద గీత గూడా గీసినాడు."

నాలుగు రోజులు ఆ చీటీ నా జాకెట్టులో పెట్టుకుని తిరిగాను. అందులో నా మాటే ఉంది. ఆ మాట చదివే అద్దాల ఆసుపత్రి అతను దారం ఊసు వదిలేసి పుండుకు మందిచ్చాడు. గేదె అరుపుల మధ్య ఆయన "దారం గీరం మింగిందా తల్లీ?" అని అడగడం, నేను "లేదు సార్" అనడం అప్పుడు గుర్తుకొచ్చాయి. తడుముకోకుండా అన్నాను. అబద్ధం ఆడాలని కాదు. దండం పెట్టి దేవుడికి ఒప్పజెప్పిన సంగతిని మళ్ళీ కష్టంగా చెప్పుకుంటే ఆయన చేసిన మేలును కాదన్నట్టు ఉంటుందని నా లోపల ఎక్కడో ఉంది. అది ఉన్నట్టు కూడా అప్పుడు నాకు తెలియదు.

"తోక కింద ఏమన్నా వేలాడిందా?" డాక్టరమ్మ అడిగింది.

"వేలాడింది మేడం."

"లాగినావా?"

"లాగినా. మూరెడు వచ్చింది."

"మొత్తం వచ్చిందా, తెగిందా?"

ఆ ప్రశ్నకు నా వేళ్ళు జవాబు చెప్పాయి. కత్తిరించిన పోగు కొస మొండిగా ఉంటుంది. తెగిన కొస పీచులా సన్నబడుతుంది. రోజుకు వంద పోగులు అతుకుతాను, చీకట్లో తడిమినా తేడా తెలుస్తుంది. ఆ గురువారం దాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి మరీ పారేశాను. పీచు కొస.

"తెగింది" అన్నాను.

ఆమె నన్ను తిట్టలేదు. పోగు పైన నాలుకకు బిగిసి ఉంటే, పేగు దాని వెంట ముడతలు పడిపోతుందని చెప్పింది. "లంగా నాడా లాగితే బట్ట కుచ్చుకుపోదూ, అట్ల. ఇంకా లాగితే పేగును కోసేస్తుంది. ఎప్పుడూ లాగగూడదు. ఇప్పుడే కోసి తీయాల. బతుకుతాదని చెప్పలేను." "తీయండి మేడం" అన్నాడు మా ఆయన.

మధ్యాహ్నమంతా మెట్ల మీద ఉన్నాం. చిన్న మేలుకు కూడా చేతులెత్తి మొక్కేదాన్ని, ఆ రోజు చేతులు లేవలేదు. ఆ చేతులే లాగాయి. ఏమని మొక్కను? మర ఆగినప్పుడల్లా పైగదిలో చప్పుడు వినబడుతుందేమోనని చెవులు రిక్కించాను. ఏమీ లేదు.

చివరికి ఆమె తలుపు తీసి ఇనుప పళ్ళెం చూపించింది. ముద్దయిన నూలు. మూడు చోట్ల పేగు కోసి తీసిందట. ఒక చోట పోగు అప్పటికే పేగును సగం కోసిందట. "ఊపిరి ఉంది. మూడు దినాలు గడవాల" అంది. ఆమె గదిలోనే గడిచాయి. నాలుగో రోజు "ఏమే" అంటే పిల్లి తల తిప్పింది. నేను బయటికి వచ్చి మెట్ల మీద పిండిలోనే కూర్చున్నాను.

కుట్లు విప్పించడానికి ఆదోనికి పోదామన్నాడు ఆయన. నేను ఎమ్మిగనూరు పశువుల ఆసుపత్రికే పోదామన్నాను. ఆ డాక్టరుకు నా ముఖం చూపించాలి. వరసలో ఉన్నవాళ్ళంతా వింటుండగా మొత్తం చెప్పాను. పోగు లాగడం, అడిగితే లేదనడం, పైగా ఆయన్నే నిందించడం. తిడతాడని తల వంచుకున్నాను.

ఆయన కుట్లు విప్పడం పూర్తి చేశాడు. తర్వాత, "మగ్గాలోళ్ళ ఇంటి పిల్లి అని తెలిసే అడిగినా తల్లీ. నువ్వు లేదంటే నమ్మి ఇడిసిపెట్టినా. నోరు తెరిసి సూసింటే అర నిమిషం పట్టేది. ఆ అర నిమిషం నాది" అన్నాడు.

తప్పంతా నాదేనని చెప్పుకోవడానికి నేను వస్తే, ఆయన అందులో వాటా అడుగుతున్నాడు. వెనక ఎవరో, "సార్, నా ఎద్దు నోరు గూడా తెరిసి సూడండి, ముందే సెప్తాండా!" అన్నారు. ఆయన నవ్వి, నా పిల్లి నోరే తెరిచి, గడ్డం కింద బొటనవేలు పెట్టాడు. ఈసారి అడగకుండానే ఫోన్ లైటు పట్టాను. నాలుక కింద మానిన గాయం, వెంట్రుకంత సన్నటి తెల్ల గీత. ఇద్దరం వంగి చాలాసేపు దాన్నే చూశాం.