ఒక్క డౌటు, ఫాదర్

హైమావతి ఆంటీ ఏ గదిలోకి వెళ్ళినా ఒక ప్రశ్న అడగందే బయటికి రారు. అది డాక్టరు గది కావచ్చు, బ్యాంకు మేనేజరు గది కావచ్చు, ఆఖరికి లిఫ్టు కావచ్చు. బెడోక్ అనే పేటలో వాళ్ళ ఫ్లాటు పదకొండో అంతస్తులో ఉండేది. కింద ఆంటీతో పాటు లిఫ్టెక్కిన మనిషి పైకి చేరేలోగా తన ఊరు, ఉద్యోగం, మోకాలి నొప్పి ఎప్పుడు మొదలైందీ అన్నీ చెప్పేసి దిగేవాడు. మొహమాటస్థులు కొందరు ఆంటీని చూడగానే మెట్ల వైపు తిరిగేవారు. వాళ్ళకు మోకాలి నొప్పి మొదలైంది ఆ మెట్ల దగ్గరేనని వాళ్ళాయన మధుసూదనరావు అంకుల్ అనేవారు.

ఆ ఇంట్లో ఒక గది అద్దెకు తీసుకుని నేను రెండేళ్ళున్నాను. రెండువేల సంవత్సరం వస్తే లోకంలోని కంప్యూటర్లన్నీ తిక్కతిక్కగా ప్రవర్తిస్తాయని కంపెనీలు హడలిపోయి, మాలాంటి వాళ్ళను విమానాల నిండా దింపుకుంటున్న రోజులవి. గది చూడ్డానికి వెళ్ళిన రోజున ఉద్యోగానికి కూడా జరగనంత ఇంటర్వ్యూ జరిగింది.

"నువ్వు చేసే పనేంటమ్మా అరుణా?"

"కంప్యూటర్లలో సంవత్సరాన్ని రెండంకెలతో రాశారండీ. దాన్ని నాలుగంకెలు చేస్తున్నాం."

"మొదట్లోనే నాలుగు వెయ్యొచ్చుగా?"

"అప్పట్లో చోటు కలిసొస్తుందని రెండే వేశారండీ."

"అంటే ఎవడో పిసినారితనానికి పోతే, దాన్ని సర్దడానికి నువ్వు సముద్రం దాటొచ్చావా?"

ఒప్పుకోక తప్పలేదు. గది మాత్రం దొరికింది.

అంకుల్ బ్యాంకులో పనిచేసేవారు. ఇంట్లో ప్రశ్నల కోటా మొత్తం ఆంటీ వాడేసుకోవడం వల్ల కాబోలు, ఆయన నోట నేను విన్న ప్రశ్న ఒక్కటే: "ఇక వెళ్దామా?" కూతురు నిఖిల అప్పుడు కాలేజీలో చదువుతుండేది. అమ్మతో హాకర్ సెంటర్‌కి, అంటే తిండి దుకాణాల బజారుకి, వెళ్ళాల్సి వస్తే నాలుగు బల్లల అవతల కూర్చునేది. కోడిమాంసం, అన్నం అమ్మే తాతను ఆంటీ ఒకసారి, "ఈ కోడికి బతికున్నప్పుడు ఏం పెట్టేవారు?" అని అడిగారట. "సో పైసే లా, అమ్మా," అని మొహం కప్పుకుంది నిఖిల. 'పైసే' అంటే ఇక్కడివాళ్ళ భాషలో పరువు తక్కువ, 'లా' వట్టి ఊతపదం. ఆ తాత మాత్రం పావుగంట సేపు జవాబు చెప్పి, ఒక లెగ్‌పీసు ఎక్కువ వేశాడు.

ఇలాంటి మనిషి చేతికి ఒక విశ్వవిద్యాలయం దొరికింది.

పాయా లేబర్ రైలు స్టేషనుకు కాస్త దూరంలో ఒక కేథలిక్ విశ్వవిద్యాలయం వాళ్ళ కేంద్రం ఉండేది. ఆదివారం మధ్యాహ్నాలు అక్కడ ఊళ్ళో వాళ్ళందరి కోసం ప్రసంగాలు పెట్టేవారు. వయసుతో, మతంతో పని లేదు. ఒక వారం ధ్యానం, ఒక వారం చర్చి సంగీతం, ఒక వారం సాధువుల జీవితాలు, ఒక వారం ముసలితనాన్ని మర్యాదగా మోయడం ఎలా అన్న సంగతి. పద్ధతి ఎప్పుడూ ఒకటే. గంట సేపు ప్రసంగం, తర్వాత టీ, కేకు, ఆ తర్వాత ప్రశ్నలు. రోజూ లలితాసహస్రం చదువుకునే ఆంటీ అక్కడికి ఒక్క ఆదివారం కూడా మానేవారు కాదు.

"ఆంటీ, మీకు వాళ్ళ సంగతులన్నీ అర్థమవుతాయా?" అన్నాను నేను.

"అర్థమైతే ఇంట్లోనే కూర్చుంటాగా?" అన్నారు.

మొదటిసారి నన్ను కూడా తీసుకెళ్ళారు. ఒక పెద్దాయన కాలం ఆది అంతాల గురించి ఎంతో లోతుగా మాట్లాడారు. హాలంతా గంభీరంగా ఉంది. టీ అయింది. ఆంటీ చెయ్యెత్తారు.

"ఒక్క డౌటు, ఫాదర్. నరకంలో గడియారం ఉంటుందా?"

హాలు గొల్లుమంది. పెద్దాయన నవ్వలేదు. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని, "ఆ డౌటు నాకూ ఉంది," అని ఇరవై నిమిషాలు మాట్లాడారు. ఆ రోజు ప్రసంగమంతటిలో నాకు గుర్తున్నది ఆ ఇరవై నిమిషాలే.

ఆ తర్వాత వారాల్లో ప్రశ్నలు విచిత్రంగా ముదిరాయి. మౌనవ్రతం గురించి చెప్పినప్పుడు, "మౌనంలో ఉండగా తుమ్మొస్తే, పక్కవాళ్ళు బ్లెస్ యూ అంటే ఎవరి వ్రతం చెడినట్టు?" అన్నారు. కుటుంబ ప్రేమ గురించిన ప్రసంగంలో, "అత్తగారిని గౌరవిస్తాను గాని ప్రేమించలేను, అది పాపమా?" అని అడిగారు. ఆంటీ వాళ్ళత్తగారు పోయి అప్పటికి పదిహేనేళ్ళు. అన్నిటికన్నా ఘోరం ధ్యానం క్లాసులో జరిగింది.

"ఒక్క డౌటు, ఫాదర్. రాత్రి రెండు బీర్లు తాగనిదే నిద్రపట్టని మనిషికి పొద్దున్నే ధ్యానం కుదురుతుందా?"

జనమంతా ఒక్కసారిగా అంకుల్ వైపు తిరిగారు. ఆయన కాఫీ కూడా తాగరు. అంకుల్ మెడ చొక్కా కాలర్లోకి తాబేలులా వెళ్ళిపోయింది. "ఇక వెళ్దామా?" అన్నారు లోపల్నుంచి. అప్పటినుంచి టీ దగ్గర ఆయన భుజం తట్టి, "టేక్ కేర్, అంకుల్," అనేవాళ్ళు ఎక్కువయ్యారు. ఒకావిడ ఆయనకు అల్లం టీ పొడి కూడా తెచ్చిచ్చింది.

ఇలా సాగుతుండగా ఆ కేంద్రం నడిపే డొమినిక్ అనే ఆయన ఒక శుక్రవారం సాయంత్రం ఇంటికి ఫోన్ చేశారు. సన్నగా, శుభ్రంగా, ఎప్పుడూ టై కట్టుకుని ఉండే మనిషి. ఆ ఆదివారం రోమ్ నగరం నుంచి ఒక గొప్ప పండితుడు క్షమ గురించి మాట్లాడ్డానికి వస్తున్నారట. విశ్వవిద్యాలయం అధ్యక్షుడు కూడా వచ్చి ముందు వరసలో కూర్చుంటారట.

"ఆంటీ, మిమ్మల్ని అందరం ఎంతో అభిమానిస్తాం," అన్నారు డొమినిక్. "కాని ఈ ఒక్కసారికి ప్రశ్నలు మిగతావాళ్ళకు వదిలేస్తారా?"

ఆంటీ ఫోను పెట్టేసి నా వైపు తిరిగారు.

"మాటిచ్చేశానమ్మా," అన్నారు. "వాళ్ళ పెద్దాయన వస్తున్నాడట. వాళ్ళిల్లు, వాళ్ళ మర్యాద."

"మంచిదే కదా ఆంటీ."

"మంచిదే," అన్నారు గాని, ఆ రాత్రి పప్పులో ఉప్పు వెయ్యడం మర్చిపోయారు.

ఆదివారం నాడు ఆంటీకి కాపలా ఉండమని అంకుల్ నన్ను ఆవిడ పక్క కుర్చీలో కూర్చోబెట్టారు. ప్రతివారం కేకు బల్ల దగ్గరే స్థిరపడే నాకు టీ సమయంలో ఆంటీ పక్కన ఏం జరుగుతుందో అప్పటిదాకా తెలియదు. ఆ రోజు తెలిసింది.

ముందుగా ముత్యాల దండ వేసుకున్న మిసెస్ లిమ్ వచ్చింది. పెద్ద కంపెనీలో పెద్ద ఉద్యోగం ఆవిడది. అటూ ఇటూ చూసి, ఆంటీ చెవి దగ్గర వంగి, "ఆంటీ, పోయినసారి మా అత్తగారి గురించి భలే అడిగారు. ఇవాళ ఇంకొకటుంది," అంది. వెనకే ఒక రిటైరైన లెక్చరర్. ఆయన వెనక ఇద్దరు. కప్పులు పట్టుకుని, ఏదో పలకరించడానికి వచ్చినట్టు ఒక్కొక్కరే వచ్చి, గుసగుసగా ఒక ప్రశ్న అప్పజెప్పి పోతున్నారు. ఆంటీ అందరికీ ఒకటే చెప్తున్నారు: "ఇవాళ నాకు సెలవు. మీరే అడగండి." వాళ్ళ మొహాలు టీలో పడ్డ బిస్కెట్టులా మెత్తబడిపోతున్నాయి.

నా నోరు తెరుచుకునే ఉంది. "ఆంటీ, అవన్నీ మీ ప్రశ్నలు కావా?"

"మెల్లిగా మాట్లాడు," అన్నారు ఆంటీ. "చాలా ఏళ్ళ కిందట, ఈ ఊరొచ్చిన కొత్తలో, ఇలాంటి మీటింగులోనే వచ్చీరాని ఇంగ్లీషులో ఏదో అడిగాను. అందరూ నవ్వారు. కాని ఆయన జవాబు చెప్తుంటే, ఆ నవ్వినోళ్ళే ముందుకు వంగి మరీ విన్నారు. వాళ్ళకీ తెలీదన్నమాట. అడగడానికి సిగ్గు. అయిపోయాక ఒక ముసలావిడొచ్చి, నాదీ అదే డౌటమ్మా అని చెయ్యి పట్టుకుంది."

"అందుకని అందరివీ మీరు అడిగేస్తున్నారా? జనం నవ్వుతుంటే?"

"ఒకసారి పోయిన పరువు మళ్ళీ పోదు కదమ్మా. కొత్తగా ఇంకోళ్ళది పోవడమెందుకు?"

నేను ఇంకేదో అడగబోతుండగా వెనక వరసలోంచి నూకరాజు లేచి వచ్చాడు. శ్రీకాకుళం వైపు మనిషి, నలభై దాటినవాడు, షిప్‌యార్డులో వెల్డింగ్ పని. ఎప్పుడో ట్రైన్లో ఆంటీ ప్రశ్నలకు దొరికిపోయి, అప్పట్నుంచి సెలవున్న ఆదివారాల్లో వచ్చి, ఒక్క ముక్క ఇంగ్లీషు అర్థం కాకపోయినా బుద్ధిగా కూర్చుని వెళ్ళేవాడు. ఏం చెప్పారో తిరుగు ప్రయాణంలో ఆంటీ చెప్పేవారు.

"ఆంటీగారూ, మొన్న సెప్పినాను కదండీ, అది అడుగుతారా?" అన్నాడు.

ఆంటీ మొహం వాడిపోయింది. "ఇవాళ అడగనని మాటిచ్చేశానురా, నూకరాజూ."

"పర్లేదండీ," అన్నాడతను. కాని కాళ్ళు అక్కణ్ణుంచి కదల్లేదు. ఆంటీ తన పక్కనున్న ఖాళీ కుర్చీ చూపించి కూర్చోబెట్టారు.

ప్రశ్నల సమయం వచ్చింది. రోమ్ నుంచి వచ్చిన ఫాదర్ చిరునవ్వుతో హాలంతా చూశారు. ఒక్క చెయ్యి లేవలేదు. నిమిషం గడిచింది. ఏసీ చప్పుడు వినిపిస్తోంది. అందరూ ఆంటీ వైపు చూస్తున్నారు. ఆంటీ చేతిలోని టీకప్పు వైపు చూస్తున్నారు. ముందు వరసలో అధ్యక్షుడు గడియారం చూసుకున్నాడు. ఫాదర్ చిరునవ్వు కొద్దికొద్దిగా సన్నబడుతోంది. తన మాట ఎవరికీ చేరలేదనుకున్నారేమో పాపం, కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టారు.

డొమినిక్ వంగుని వంగుని మా వరసలోకి వచ్చారు. నుదుటి మీద చెమట. "ఆంటీ, ప్లీజ్. ఒక్కటి. ఏదైనా పర్లేదు."

"మాట మాటేనయ్యా," అన్నారు ఆంటీ. అని, మోచేత్తో నూకరాజును పొడిచారు. "లే. నువ్వే అడుగు."

"నాకింగ్లీసు రాదండీ."

"ఫాదర్‌కి తెలుగు రాదు. చెల్లుకు చెల్లు. అరుణ ఉంది, చెప్తుంది. లే."

నూకరాజు లేచాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ముందు కుర్చీ వీపును గట్టిగా పట్టుకున్నాడు.

"బాబూ, మూడేళ్ళ కిందట మా అన్నని నానొక మాట అన్నాను. తప్పు నాదే. అప్పట్నుంచి ప్రతి ఆదివారం ఫోన్ కార్డు కొని ఇంటికి సేస్తన్నాను. నా గొంతినగానే పెట్టేస్తాడు. సెమించమని అడిగినోడు అడుగుతానే ఉంటే, అవతలోడు ఇనకపోతే, ఆ అడిగింది ఏటవుతాదండీ? ఎక్కడికి పోతాది?"

నేను ఇంగ్లీషులో చెప్పాను. ఈసారి హాల్లో ఎవరూ నవ్వలేదు.

ఫాదర్ సర్దిన కాగితాలు మళ్ళీ కింద పెట్టారు. వేదిక దిగి, నడిచి, మా వరస దాకా వచ్చారు.

"ఆదివారం ఆ ఇంట్లో ఫోను మోగుతుందని మీ అన్నకు తెలుసా?" అని అడిగారు.

"తెలుసండీ. పదిగంటలకే సేస్తాను."

"అయినా ఆ వేళకు బయటికి వెళ్ళిపోవడం లేదు. ఇంట్లోనే ఉంటున్నాడు. ఫోను ఎత్తుతున్నాడు." ఫాదర్ నూకరాజు భుజం మీద చెయ్యి వేశారు. "మీరడిగింది ఎక్కడికీ పోలేదు. ఆ ఇంట్లోనే కూర్చుని ఉంది. మోగించడం మీ పని. మీ పని మానకండి."

నేను తెలుగులో చెప్పాను. నూకరాజు తలూపుతూ కూర్చున్నాడు. చాలాసేపు తలూపుతూనే ఉన్నాడు.

అప్పుడు మిసెస్ లిమ్ చెయ్యెత్తింది. స్వయంగా, తన సొంత చెయ్యి. తర్వాత లెక్చరర్. తర్వాత గోడవారనున్న ఇద్దరు. చేతులు చూసి అధ్యక్షుడు వెనక్కి తిరిగి కూర్చున్నాడు. మిసెస్ లిమ్ తన అత్తగారి ప్రశ్న తనదేనని ఒప్పేసుకుంటే, ఇంకెవరో తుమ్ము ప్రశ్న తనదన్నారు. చిత్రమేమిటంటే, అక్కడున్న ప్రతివాళ్ళూ ఆంటీ తమ ప్రశ్న ఒక్కటే మోశారనీ, మిగతావన్నీ ఆవిడ సొంత పైత్యమనీ అనుకుంటూ వచ్చారు.

చివరగా డొమినిక్ చెయ్యెత్తారు. టై సరిచేసుకుని, "ఆ బీర్ల ప్రశ్న నాది," అన్నారు. "ఆ రోజు నవ్వుల్లో జవాబు వినపడలేదు. ఎవరైనా మళ్ళీ చెప్తారా?"

అంకుల్ మెడ కాలర్లోంచి బయటికొచ్చింది. ఆయన లేచి నిలబడి, ఇన్నాళ్ళూ తన భుజం తట్టిన వాళ్ళందరినీ ఒక్కొక్కరినే తీరిగ్గా చూశారు. అల్లం టీ ఆవిడ దగ్గర మరికాస్త సేపు ఆగారు. ఆ రోజు "ఇక వెళ్దామా" అన్న మాట ఆయన నోట రాలేదు.

ఆ తర్వాత ఆదివారాల్లో ఆంటీకి పని తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు. కొత్తవాళ్ళు, కొత్త సిగ్గులు ఎప్పుడూ వస్తూనే ఉంటాయి. డొమినిక్ అయితే ప్రసంగించడానికి వచ్చేవాళ్ళందరికీ ముందుగానే, "మూడో వరసలో ఒక ఆంటీ ఉంటారు, భయపడకండి," అని చెప్పి ఉంచేవారు.

వర్షాలు మొదలైన ఒక ఆదివారం, మేము స్టేషను మెట్లు దిగుతుంటే నూకరాజు తడుస్తూ పరుగెత్తుకొచ్చాడు.

"ఆంటీగారూ, అన్న మాటాడినాడండీ."

"ఏమన్నాడు?"

"ఏటన్లేదండీ. అన్నం తిన్నావేట్రా అన్నాడు."

"నువ్వేమన్నావ్?"

"తిన్నానన్నానండీ. పెట్టేసినాడు."

నాకు కళ్ళు చెమర్చబోయాయి. ఆంటీ ఆ అవకాశం ఇవ్వలేదు.

"వాళ్ళింట్లో ఏం కూరో అడిగావా?"

"నేదండీ."

"అదే మీ మగాళ్ళతో చిక్కు," అని ఆంటీ తన గొడుగు సగం అతని నెత్తిమీదికి జరిపారు. "వచ్చే ఆదివారం మళ్ళీ చెయ్యి. ఏం కూరో అడుగు. ఎవరడగమన్నారని అంటే నా పేరు చెప్పు. ఇది మాత్రం అచ్చంగా నా ప్రశ్నే."