చిన్నప్పకు పలకని అక్షరం

బెంగళూరు వేదాంత కళాశాలలో చిన్నప్ప మూడేళ్లు చదివాడు. పాదిరులు కాబోయేవాళ్లు చదివే చదువది. గ్రీకు వ్యాకరణం, క్రైస్తవ సిద్ధాంతం, పడమటి తత్త్వశాస్త్రం, మన దేశపు దర్శనాలు, అన్నీ ఇంగ్లీషులోనే. రాత పరీక్ష ఏదైనా మొదటి పేరు అతనిదే. అయినా 1944 సంక్రాంతి దాటాక అతనికి తిండి సయించడం మానేసింది. యుద్ధం రోజులు, బియ్యం దొరక్క హాస్టల్లో రెండు పూటలా రాగిముద్దే. ఆ ముద్ద చేతిలోనే చల్లారిపోయేది తప్ప గొంతు దిగేది కాదు.

ఎందుకో అతను ఎవరికీ చెప్పుకోలేదు. చిన్నప్పకు నత్తి ఉంది. అన్ని అక్షరాలకూ కాదు. మాట మొదట్లో 'ప' వస్తే మాత్రం పెదవులు రెండూ అతుక్కుపోయేవి. లోపల మాట సిద్ధంగా ఉండేది, బయటికి ఊపిరి కూడా వచ్చేది కాదు.

బెంగళూరు దగ్గర, తెలుగువాళ్లు చాలామంది ఉన్న సొంతూరు దేవనహళ్ళి బడిలో చేరిన రోజున అయ్యవారు "ఎవరి కొడుకువురా?" అని అడిగారు. తండ్రి అప్పటికే పోయాడు. తల్లి పేరు పాపక్క. ఆ పేరు చెప్పలేక వాడు నోరు బిగించుకుని నిలబడితే తరగతంతా నవ్వింది. పాపక్క మిషన్ ఆస్పత్రిలో వంట చేసేది. తల్లీ కొడుకూ క్రైస్తవంలో కలిసింది అక్కడే. పిల్లవాడి తెలివి, ముత్యాల్లాంటి రాత చూసి ఆ ఊరి పాదిరి, వీడు సంఘానికి పనికొస్తాడని పై చదువులకు పంపించాడు. నలుగురిలో మాట్లాడించి చూడాలని ఆయనకు తోచలేదు.

చిక్కేమిటంటే తెలుగు క్రైస్తవుడికి ముఖ్యమైన మాటల్లో సగం ఆ అక్షరంతోనే మొదలవుతాయి. ప్రభువు, ప్రార్థన, పాపం, పరలోకం, పరిశుద్ధం, ప్రేమ. చివరికి చేయబోయే ప్రసంగం, పొందబోయే పాదిరి పదవీ అంతే. మూడేళ్లూ చిన్నప్ప మితభాషి అనిపించుకుని నెట్టుకొచ్చాడు. సాయంత్రం ఆరాధన నడిపే వంతు వస్తే మాటలు తగ్గించి కీర్తన ఎత్తుకునేవాడు. పాడితే నత్తి అడ్డం వచ్చేది కాదు.

ఇప్పుడు ఆ దారులన్నీ మూసుకుపోయాయి. ఫిబ్రవరిలో ప్రతి విద్యార్థీ సంఘం కమిటీ ముందు తన మాతృభాషలో ఇరవై నిమిషాలు ప్రసంగం చేయాలి. అది మెచ్చితేనే ఉద్యోగం. చిన్నప్ప మూడు వారాలు కూర్చుని 'ప'తో మొదలయ్యే మాట ఒక్కటీ లేకుండా ప్రసంగం రాశాడు. ప్రభువు పోయి భగవంతుడు వచ్చాడు. పాపం దోషమైంది, ప్రేమ కరుణైంది, పరలోకం మోక్షమైంది. రాసింది వందసార్లు చదువుకున్నాడు. ఎక్కడో ఒక 'ప' దాక్కుని ఉందేమోనని నిద్రలో కూడా వెతుక్కున్నాడు.

ఆ రోజు ప్రసంగం గడగడా సాగిపోయింది. ఎక్కడా తడబడలేదు. దిగి వస్తూంటే కాళ్లు తేలికయ్యాయి. కాసేపటికి కమిటీవారు లోపలికి పిలిచారు. ఐదుగురు కూర్చుని ఉన్నారు. పెద్దాయన అంజినప్ప అయ్యగారు కోలారు వైపు నలభై ఏళ్లు పాదిరిగా చేసినవాడు. జ్ఞానస్నానం తీసుకున్నా తాత పెట్టిన పేరు మార్చుకోలేదు.

"ప్రసంగం బాగుండాదప్పా," అన్నాడాయన. "ఒకటే నాకు అర్థం కాలా. ఇరవై నిమిషాల్లో ప్రభువు అనే మాట ఒక్కసారీ రాలేదు. చెవులు పెట్టుకోని వింటినే. పాపమూ లేదు, పరలోకమూ లేదు. దోషమంట, మోక్షమంట. యాల మార్చితివి?"

ఇలా అడుగుతారని చిన్నప్ప కలలో కూడా అనుకోలేదు.

పక్కనున్నాయన కాగితాలు తిరగేశాడు. "దర్శనాలు జాస్తి చదివితే ఇట్లే అవుతాది. మార్కులు చూడండి, అందులోనే అందరికన్నా జాస్తి. ఈయన మనసు వెనక్కి, పాత మతం వైపు మళ్లినట్లుండాది."

"నువ్వే చెప్పప్పా," అన్నాడు అంజినప్ప. "యేసు నీకు ఎవరు? ఒక్క మాట చాలు."

రక్షకుడు అనే మాట చిన్నప్ప నాలుక మీదే ఉంది. అనేసి బయటపడొచ్చు. కానీ అదీ దొంగదారేనని అతనికి తెలుసు. ఈ రోజు గడిచినా రేపు మళ్లీ మరో మాట వెతుక్కోవాలి. అతను పెదవులు కలిపాడు. అవి మళ్లీ విడిపోలేదు.

మెడ నరాలు పొంగాయి. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ మౌనానికి వాళ్లు ఏ అర్థం తీసుకుంటున్నారో వాళ్ల ముఖాల్లో కనిపిస్తూనే ఉంది. పక్కనున్నాయన కాగితాలు మూసి, "చాలు, పంపించేద్దాం," అన్నాడు. అంజినప్ప చెయ్యి ఎత్తి ఆపాడు.

"ప్... ప్... ప్రభువు." అన్నాక చిన్నప్ప బల్ల అంచు పట్టుకున్నాడు. "నాకు ఆ అక్షరం రాదయ్యా. మా అమ్మ పేరే చెప్పలేను. అందుకే ఆ మాటలన్నీ తీసేస్తిని. నమ్మకం లేక కాదు."

ఎవరూ నవ్వలేదు. బయట ఉండమన్నారు. అరగంట వరండాలో నిలబడ్డాడు. రోడ్డు మీద సోల్జర్ల లారీలు వరసగా పోతున్నాయి, వాటిని లెక్కపెడుతూ లెక్క తప్పుతూ ఉన్నాడు. ఇంటికి పొమ్మంటే తల్లికి ఏం చెప్పాలి? నత్తి దాచి చదువుకున్నందుకు మోసగాడంటారా?

చివరికి అంజినప్ప ఒక్కడే వచ్చాడు. "ఇద్దరు వద్దన్న్యారప్పా. ముగ్గురం సరే అంటిమి. దేవనహళ్ళి పక్క పల్లెల్లో ఆర్నెల్లు చేసి చూపించు. ఒకటి మాత్రం ఇను. ఆ మాట వచ్చినప్పుడు పక్కదారి పట్టొద్దు. ఎంతసేపైనా దాని కాడే నిలబడు."

మొదటి ఆదివారం ఒక పెంకుటింట్లో ఇరవై మంది చేరారు. ప్రార్థన చేద్దామని చెప్పబోయి చిన్నప్ప మొదటి మాట దగ్గరే ఆగిపోయాడు. ముందు వరసలో పెద్దమునియప్ప అనే రైతు కాసేపు చూసి, "నిదానంగా కానీ అప్పా," అన్నాడు. "ఆదివారం పూట మాకు మాత్రం ఏం పనుండాది?" మిగతావాళ్లు చాపల మీద సర్దుకుని కూర్చున్నారు. మాట వచ్చింది. రెండు వాక్యాలు దాటగానే మళ్లీ ఆగింది. వాళ్లు మళ్లీ ఎదురుచూశారు.

ఆర్నెల్లు ఏడాదైంది. రెండేళ్లకు అతన్ని పాదిరిగా అభిషేకించారు. నత్తి పోలేదు, భయమూ పోలేదు. తర్వాత ఎన్నేళ్లు ఆ పల్లెల్లో పనిచేసినా శనివారం వస్తే అతను సరిగా అన్నం తినేవాడు కాదు.

పాపక్క కొడుకు ప్రసంగానికి తప్పకుండా వచ్చేది. కానీ ప్రార్థన మొదలయ్యే సమయానికి లేచి గడప బయటికి వెళ్లి, కొంగు చేత్తో నలుపుకుంటూ నిలబడేది. ఆ మొదటి మాట దాటాడని చెవిన పడ్డాకే లోపలికి వచ్చి కూర్చునేది.