వసారా లేని టెంటు

మావారికి యాభై దాటాక నడక పిచ్చి పట్టుకుంది. షుగరుంది, రోజూ కాస్త నడవండి అని డాక్టరు చెబితే, ఆయన దాన్ని కొండలెక్కమన్నట్టు తీసుకున్నారు. మా రాజమండ్రిలో ఎక్కడానికి గోదావరి గట్టు తప్ప ఏముంది? వీపున బరువైన బ్యాగు తగిలించుకుని, కుక్కను వెంటబెట్టుకుని, పొద్దున్నే ఆ గట్టు మీదే అటూ ఇటూ ప్రాక్టీసు చేసేవారు. ఎదురొచ్చినవాళ్లు ఏ ఊరికండీ ప్రయాణం అని అడిగితే, ఊరికేనండీ అని చెప్పడానికి ఆయనకేమీ మొహమాటం ఉండేది కాదు. పక్కన నడిచే నాకే ఎక్కడలేని సిగ్గూ ముంచుకొచ్చేది.

కుక్క మేం తెచ్చుకున్నది కాదు. ఒక వానాకాలం తనంతట తనే మా వసారాలోకి వచ్చి పడుకుంది, మళ్లీ వెళ్లలేదు. దాని రాజ్యం వసారా వరకే. కుక్క గడప దాటకూడదన్నది మా అత్తగారి రూలు. ఆవిడ ఈ కుక్కను చూడకుండానే పోయారు గానీ, ఆవిడ రూలు మాత్రం మా ఇంట్లో నిక్షేపంగా కాపురం చేస్తూనే ఉంది. పైగా మావారు దాన్ని ఆవిడకంటే గట్టిగా అమలు చేసేవారు. ఈ కుక్కకేమో ఉరుమంటే చచ్చేంత భయం. ఉరిమినప్పుడల్లా గడపకు ఆనుకుని, ఒక్క గోరు కూడా లోపల పెట్టకుండా, వణుకుతూ కూర్చునేది. దాన్నలా చూస్తూ లోపల కుర్చీలో కూర్చోవడం నావల్ల అయ్యేది కాదు. వెళ్లి గడప మీద కూర్చునేదాన్ని. గడప మీద కూర్చోకూడదన్న రూలు కూడా ఉంది గానీ, అది నేను పట్టించుకోలేదు. లోపలికి రానిద్దామండీ అని ఎన్నిసార్లు బతిమాలినా, మా అమ్మ ఒప్పుకోదు అనేవారు, గోడ మీది ఫొటోకేసి చూస్తూ.

జంగారెడ్డిగూడెం అవతల కొండవాలున ఆయన ఆఫీసు స్నేహితుడికి జీడిమామిడి తోట ఉంది. వేసవి రాగానే ఒకరోజంతా కొండదారిన నడిచి, రాత్రికి ఆ తోటలో టెంటు వేసుకుని పడుకుందామన్నారు, కుక్కతో సహా. టెంట్ హౌస్‌కి చెబితే కుర్చీలతో కలిపి పంపించేస్తారు కదండీ అని ఎదురింటావిడ సలహా ఇచ్చారు.

ఆ చలికాలమంతా మావారు ఫోన్లో టెంట్ల వీడియోలు చూస్తూ గడిపారు. ఇద్దరు పట్టాలి, వీపున మోయగలిగేంత తేలిగ్గా ఉండాలి, వాన పడితే కారకూడదు, ధర మన తాహతులో ఉండాలి. ఇవన్నీ ఒకే టెంటులో దొరకవని తెలుసుకోవడానికి అన్ని వీడియోలు అక్కర్లేదు గానీ, ఆయన సరదా ఎందుకు కాదనాలి? అసలు చిక్కు వేరే వచ్చింది. కొంచెం ఖరీదైన టెంట్లకు తలుపు బయట, పైగుడ్డ ముందుకు సాగి, చిన్న చోటు ఉంటుంది. బూట్లూ బ్యాగులూ పెట్టుకోవడానికట. అది చూడగానే మావారి మొహం వెలిగిపోయింది. ఇదిగో వసారా, మనం లోపల, అది వసారాలో, అని తేల్చేశారు. కొండ మీదికి కూడా మా అత్తగారు వస్తున్నారన్నమాట.

నేనేమీ వాదించలేదు. వసారా ఉన్న టెంటు చూపించినప్పుడల్లా దాని ధర పైకి చదివేదాన్ని, అంతే. మావారు కొత్తిమీర కట్ట దగ్గర కూడా బేరమాడే మనిషి. ఆ అంకె నా నోట వినేసరికి నీరుకారిపోయేవారు. చివరికి ఆయన పొదుపూ ఆయన ఆచారమూ కొట్లాడుకుని పొదుపే గెలిచింది. వసారా లేని చవక టెంటు ఖాయమైంది. మరి కుక్క ఎక్కడ పడుకుంటుందండీ అంటే, చెట్టు కింద, వేసవిలో వానెక్కడిది అన్నారు. నేను వంటింట్లోకి వెళ్లి నవ్వుకున్నాను.

కొనేముందు దాని కొలతలు డాబా మీద సుద్దముక్కతో గీశారు. ఆ గీతల మధ్య ఇద్దరం పడుకుని చూశాం. మా భుజాలు ఒకదాన్నొకటి తోసుకున్నాయి. ఇద్దరు పట్టేది అని ఎవరిని చూసి రాశారో గానీ, రెండు పూటలా అన్నం తినేవాళ్లను చూసి మాత్రం కాదు. కుక్కను పిలిస్తే బయటి మెట్లెక్కి సుద్దగీత దాకా వచ్చి, ఆగి, అవతలే పడుకుంది. దాని బుద్ధికి మావారు మురిసిపోయారు. ఎదురు డాబా మీద బట్టలారేస్తున్న ఆవిడ మమ్మల్ని చూసి, చేతిలోని తడి చీర మళ్లీ బకెట్లో పడేసుకుని కిందికి దిగిపోయారు.

బయల్దేరే ముందు, ధాన్యం ఆరబోసే పాత బరకంలోంచి ఒక ముక్క కత్తిరించి బ్యాగులో పెట్టాను. కుక్క గోళ్లకు టెంటు అడుగు చిరగకుండా పరవాలని నా ఆలోచన. అదెందుకని ఆయన అడిగితే, తేమకి అన్నాను.

తోట చేరి టెంటు వేసేసరికి సాయంత్రమైంది. ఇంకా వెలుగుండగానే గాలి లేచింది, వెనకే పెద్ద ఉరుము, వాన. ఇద్దరం లోపలికి దూరాం. నేను జిప్పు తెరిచి పట్టుకుని కుక్కను రమ్మన్నాను. ఆ తలుపు దగ్గర, నీళ్లు లోపలికి రాకుండా, గుడ్డ జానెడు ఎత్తున లేచి ఉంటుంది. కుక్క అక్కడి దాకా వచ్చి ఆగిపోయింది. గడపంటే ఏంటో దానికి బాగా తెలుసు. వానలో తడుస్తూ, వణుకుతూ, ఆయన మొహంలోకే చూస్తోంది. చలికాలమంతా నేను పన్నిన ఉపాయం ఆ జానెడు గుడ్డ దగ్గర తేలిపోయింది. నాకు ఏడుపొచ్చేసింది.

మావారు కాసేపు టార్చిలైటు బాగుచేస్తున్నట్టు నటించారు. మళ్లీ ఉరిమింది.

"రావయ్యా," అన్నారు మెల్లిగా. అది తోక ఊపింది గానీ కాలు కదపలేదు. "నేనే చెబుతున్నాను కదా, లోపలికి రా."

ఇన్నేళ్లుగా ఆయన నేర్పిన చదువు దానికి అంత బాగా వంటబట్టింది. చివరికి ఆయనే మోకాళ్ల మీద వానలోకి వెళ్లి, దాన్ని రెండు చేతులా ఎత్తుకుని లోపలికి తెచ్చారు. ముగ్గురం ఎలా పట్టామో నాకిప్పటికీ తెలీదు. దాని తల ఆయన గడ్డం కింద ఉంది. కింద తడుముకుని బరకం ముక్క చూసి, తేమకి బానే పనికొచ్చిందే అన్నారు.

ఇంటికొచ్చాక టెంటు అటకెక్కింది, కుక్క ఎప్పటిలాగే వసారాలో ఆగింది. మళ్లీ మొదటికొచ్చాం అనుకుని ఉసూరుమన్నాను.

తొలకరికి ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి ఉరిమింది. వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ గడప దగ్గరికి పరుగెత్తాను. వసారా ఖాళీగా ఉంది. వెనక్కి తిరిగితే, ఫొటో కింద కుర్చీలో ఆయన, ఆయన ఒళ్లో సగం కిందికి వేలాడుతూ కుక్క. కాళ్ల దగ్గర బరకం ముక్క పరిచి ఉంది. నేను గడపకేసీ ఆయనకేసీ మార్చి మార్చి చూశాను.

"అది దాటలేదు," అన్నారాయన, ఫొటోకేసి తలెత్తి. "నేనే ఎత్తుకొచ్చానమ్మా."