గౌరే గెలుస్తాది

మా అమ్మాయి చేతులకు బాక్సింగ్ పట్టీలు చుడుతుంటే, ఆరీ ఆరని ఆ చెమట వాసనకు నాయనమ్మ గుర్తొచ్చింది. నా చిన్నప్పటి పట్టీలు ఆమె పాత చీర చింపి చేసినవి. పక్కింటి గౌరివి కొన్నవి, ఎర్రవి.

మేమిద్దరం అప్పటికి ఒక్క పోటీ కూడా ఓడలేదు. మర్నాడు విజయనగరంలో జిల్లా టైటిల్ కోసం మా ఇద్దరి మధ్యే పోటీ. "ఎవులు గెలుస్తారే?" అని వీధిలోవాళ్ళు అడిగితే నాయనమ్మ, "గౌరే గెలుస్తాది. దాని సెయ్యి సూడండి, రోకలిబండలాగున్నాది" అంది.

నాకు కడుపు మండిపోయింది. ఎర్ర పట్టీలు చాలక నాయనమ్మ కూడా దానికేనా? ఆ కుళ్ళంతా మర్నాడు గౌరి మీద తీర్చుకుని గెలిచాను.

ఇంటికొచ్చి నిలదీస్తే, నాయనమ్మ ఉప్పు తిప్పేస్తూ, "మన పిల్లే గెలుస్తాదని మనమే అంటామేటే ఎర్రిదానా? దిష్టి తగల్దూ?" అంది.

ఇవాళ ఆఖరి ప్రాక్టీసు, రేపు మా అమ్మాయి టైటిల్ పోటీ. ఎదుటి పిల్ల కూడా ఇంతవరకూ ఓడలేదు. ఇందాక ఎవరో అడిగితే ఆ పిల్లే గెలుస్తుందన్నాను. అప్పటినుంచి మా అమ్మాయి నాతో మాట్లాడటం లేదు. పట్టీ చుట్టించుకుంటూనే పిడికిలి బిగించింది.

నువ్వే గెలుస్తావన్న మాట నోటిదాకా వచ్చింది. మింగేశాను.