తాంబూలం కాదనడం నేర్పిన బడి

మొన్న మా బాగేపల్లి భజన మందిరం తరఫున, ఏకాదశికి హరికథ చెప్పమని పిలవడానికి చింతామణిలో ఒక కథకురాలి ఇంటికి తాంబూలం పళ్ళెంతో వెళ్ళాం. ఆ అమ్మాయి కాళ్ళకు నీళ్ళిచ్చి, చాప వేసి, మజ్జిగ ఇచ్చింది గాని పళ్ళెం మాత్రం ముట్టుకోలేదు. "ఉండప్పా, ఆ పొద్దు ఖాళీ ఉండాదో లేదో చూసి చెప్తా" అని ఫోను తీసింది. నాతో వచ్చినవాళ్ళకు అది మామూలు సంగతిగానే తోచింది. నాకు మాత్రం మా బావ గుర్తొచ్చాడు.

మా అక్క మొగుడు హరికథలు చెప్పేవాడు. మన వయసు వాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు, ఒక ఊరి పెద్దలు ఆకూ వక్కా పళ్ళెంలో పెట్టి చాచారంటే అది స్వామి పిలుపే, కాదంటే పాపం. ఆ మాటను మా అందరికంటే గట్టిగా నమ్మినవాడు మా బావ. అందుకే ఎవరు చాచినా పుచ్చుకునేవాడు, ఒకే పొద్దుకు రెండూళ్ళ తాంబూలమూ పుచ్చుకునేవాడు. ఆనక ఒక ఊళ్ళో కథ సగంలో ఉండగా రెండో ఊరి మనిషి వచ్చి పందిరి పక్కన నిలబడేవాడు. పగలంతా మా బట్టల అంగట్లో కూర్చుని, సాయంత్రం చేతులు కడుక్కుని, బావ వెనక తాళం పట్టి వంత పాడేవాణ్ణి గనుక ఆ మనిషి చూపు మొదట తగిలేది నాకే.

ఒక ఏడు కెంచార్లహళ్ళి వాళ్ళు పొద్దుగూకినప్పటి నుంచీ కాచుకున్నా మేం పోనే లేదు. ఇక మా ఊరి పొలిమేర తొక్కొద్దని వాళ్ళు కబురు పంపారు. ఏ రోజు ఎక్కడికి పోవాలో తెలియని పని నాకొద్దని మృదంగం ఆయన వేరే మేళం వెతుక్కోసాగాడు, హార్మోనియం ఆయనా అదే దారిలో ఉన్నాడు. మా బావకు కథ తప్ప మరేమీ రాదు. మేళం విడిపోతే ఈ మనిషి ఏమైపోతాడోనని మా అక్క కుంగిపోయింది.

అప్పుడు మా మేనకోడలు, బావ కూతురే, బెంగళూరులో ఉద్యోగం చేసే పిల్ల, చిక్కబళ్ళాపురంలో ఒక కాలేజీ వాళ్ళు కళాకారులకని ఆదివారాలు మేనేజ్‌మెంట్ పాఠాలు పెట్టారని, కంపెనీల్లో పెద్ద ఉద్యోగులకు చెప్పే మేష్టర్లే వచ్చి చెబుతారని చెప్పి, వాళ్ళ నాన్నను తీసుకుపోయి చేర్చింది. నేను భగ్గుమన్నాను. వ్యాపారం తెలియనివాణ్ణయితే ఊరుకునేవాణ్ణేమో, తెలుసు గనుకనే నా భయం. "ఏమే, స్వామి నామానికి మూరకింతని ధర కట్టించేదానికా?" అంటే, "నువ్వూ పోయి కాపలా కూసో మామా, స్వామిని ఎవురన్నా ఎత్తుకపోతే అరుద్దువు" అంది. నిజంగా కాపలాకే పోయాను.

అక్కడ ఒక నాదస్వరం ఆయన, బోర్డులు రాసే చిత్రకారుడు, నాట్యం నేర్పే ఒకమ్మ ఉన్నారు. బూట్లేసుకున్న మేష్టరు తియ్యటి కన్నడంలో మాట్లాడాడు. తియ్యగా మాట్లాడేవాళ్ళను అంగట్లో చాలామందిని చూసినవాణ్ణి కాబట్టి చెవులు రిక్కించుకుని కూర్చున్నాను. మీ కస్టమర్ ఎవరని ఆయన ఒక్కొక్కరినీ అడుగుతూ వచ్చాడు. మా బావ లేచి, తడుముకోకుండా, స్వామి అన్నాడు. అందరూ నవ్వారు, నాకు మాత్రం గర్వమనిపించింది. మేష్టరు నవ్వలేదు. వినేది స్వామే అనుకుందాం దాసుగారూ, మరి ఆయనకు ఒకే పొద్దు రెండూళ్ళలో ఎట్లా మాటిస్తారు అన్నాడు. మా బావ తిరిగి నా వైపు చూశాడు. రెండూళ్ళ సంగతి ఆ మనిషికి ఎట్లా తెలిసింది? మా మేనకోడలే ముందుగా చెవిలో వేసిందని ఈ రోజుకీ నా అనుమానం. అడిగితే నవ్వుతుంది గాని ఒప్పుకోదు.

అక్కడ చెప్పింది పెద్ద విద్యేమీ కాదు. ఒప్పుకునే ముందు చూసుకోవడం, మేళంలో వాళ్ళకు ముందుగా చెప్పడం, అన్న వేళకు మొదలుపెట్టడం, అన్నిటినీ మించి కాదనడం. ఆ కాదనడాన్ని జంటలుగా కూర్చోబెట్టి సాధన చేయించారు. మా బావకు జంటగా నేనే దొరికాను. నేను ఉత్త చేతులు చాచినా ఆయన పుచ్చుకునేవాడు! "ఆటకి కూడా కాదనేదానికి నాలుక తిరగదప్పా" అని నుదురు తుడుచుకునేవాడు.

చివరకు తిరిగింది. ఏటా ఏకాదశికి కథ పెట్టించే పరగోడు ఊరి పెద్దాయన పళ్ళెం తెచ్చేసరికి ఆ రోజు పేరేసంద్రకు ఇచ్చేసి ఉంది. బావ పళ్ళెం ముట్టుకోకుండా చేతులు జోడించి, "పేరేసంద్రోళ్ళకి మాటిచ్చుండానప్పా. ద్వాదశి సాయంత్రం ఆరింటికి మీ ఊర్లో కథ, తప్పను" అన్నాడు. పెద్దాయన ముఖం నల్లబడింది. "స్వామిని కూడా టోకన్ తీసుకోని కూసోమంటాండావా?" అని పళ్ళెం ఎత్తుకుని వెళ్ళిపోయాడు. తాంబూలం తిప్పి పంపిన నోట కీర్తన నిలవదని మా పెద్దలు చెప్పగా విన్నవాణ్ణి నేను. ఆ చదువు మా బావ గొంతు తినేస్తుందనీ, పరగోడు పోయినట్టేననీ అనుకున్నాను.

ద్వాదశి నాడు మేం చేరేసరికి పందిరి ఉంది, దీపం ఉంది, మనిషి లేడు. చూశావా, ఊరు వెలివేసింది అన్నాను. బావ గజ్జె కట్టుకుని, "తాళం పట్టు బామ్మర్దీ, ఆరయ్యుండాది" అని ఖాళీ పందిట్లో ప్రార్థన ఎత్తుకున్నాడు. ఆ గొంతు అంత నిండుగా పలకడం నేను ఎన్నడూ వినలేదు. మొదట ఎవరో తొంగి చూశారు, కాసేపటికి పాలు పితుకుతున్న ఆడవాళ్ళు చెంబులతోనే పరుగెత్తుకొచ్చారు. ఊరు అలగలేదు. దాసు ఆరన్నాడంటే ఎప్పటికో గదా వచ్చేదని తీరిగ్గా పనులు చేసుకుంటోంది, అంతే. పెద్దాయన తడి కాళ్ళతో వచ్చి, "ఏమప్పా, చెప్పిన టైముకే వచ్చేటట్లయితే ఆ మాట ముందే చెప్పొద్దా!" అని గదమాయించాడు.

మేళం విడిపోలేదు. బావ కాలం చేసేదాకా ఏ ఊరినీ కాచుకోబెట్టలేదు. ఆ పుణ్యం ఆ మేష్టరుకు దక్కదంటే అన్యాయం అవుతుంది. అయినా ఆ చదువు మా దగ్గర్నుంచి ఏదో పట్టుకుపోయిందన్న అనుమానం నన్ను వదల్లేదు. ఏమిటో ఇన్నేళ్ళకు తెలుస్తోంది. నేను వంత నేర్చుకున్నది ఏ గురువు దగ్గరా కాదు. చిన్నప్పుడు, దాసు ఇంకా రాలేదని పందిట్లో కూర్చున్న మా అమ్మావాళ్ళు ఊరుకోలేక తామే పాట ఎత్తుకునేవాళ్ళు, ఒకామె మరిచిన చరణాన్ని ఇంకొకామె అందుకునేది, అంగడివాళ్ళూ సేద్యగాళ్ళూ గొంతు కలిపేవాళ్ళు. కీర్తన వేదిక మీదివాడి సొత్తు కాదని నాకు తెలిసింది ఆ ఆలస్యాల్లోనే.

పోయిన శనివారం మందిరంలో కథ నడుస్తుండగా కరెంటు పోయి మైకు ఆగింది. అందరూ ఫోన్లు తీసుకుని, వెలుగు ముఖాల మీద పడుతుండగా కాచుకుని కూర్చున్నారు. నేనే ఒక పల్లవి ఎత్తుకుని, చరణం దగ్గర ఎవరైనా అందుకుంటారేమోనని ఆగి చూశాను.