స్టిక్కర్ ముగ్గు

మొన్న ఆత్మకూరులో మా పాత వీధిలో ఒకరు పోయారంటే చూడడానికి వెళ్ళాను. మనిషిని వాకిట్లో పడుకోబెట్టారు. పక్కనే గడప ముందు స్టిక్కర్ ముగ్గు, ఎర్ర తామరలతో మెరిసిపోతోంది. చావింటి ముందు ముగ్గు ఉండకూడదని అక్కడ అందరికీ తెలుసు. పీకబోతే రాలేదట. ఈ రోజుల్లో గట్టిగా అతుక్కునేది ఆ జిగురొక్కటే అనుకుంటాను.

మన చిన్నప్పటి ముగ్గుపిండి గుర్తుందా? అది అమ్మడానికి వచ్చే ఆమెకు కనురెప్పలు కూడా తెల్లగానే ఉండేవి. సరే, చెప్పొచ్చేది ఆమె గురించి కాదు.

మా పక్కింటి నర్సమ్మత్త ఏటా ఇంటికి తాళం వేసి, భర్తతో కలిసి బొంబాయికి వలస పోయేది. వాళ్ళు తిరిగొచ్చేదాకా అమ్మ మా వాకిలితో పాటు ఆ తాళం ఇంటి ముందు కూడా పేడనీళ్ళతో సాన్పు చల్లి ముగ్గు వేసేది.

నాయన ఎగతాళి చేసేవాడు. "ఎవల్లేని ఇంటికి ముగ్గెందుకే? బల్లులు చూడనీకా?"

"వాకిలి బోసిగుంటే ఎవలో సచ్చిన్రనుకుంటరు. నర్సమ్మొదినె వస్తది. జర ఆ పిండి డబ్బ ఇటియ్యి."

ఒక ఏడు నర్సమ్మత్త భర్త ఒక్కడే బస్సు దిగి వచ్చాడు. అమ్మ అప్పుడే వేసిన ముగ్గును తొక్కకుండా, పక్కనే కూలబడ్డాడు.

"ఇంకెవలి కోసం ఏస్తున్నవ్ చెల్లె?" అన్నాడు.

అమ్మ బిందెతో నీళ్ళు తెచ్చి ఆ ముగ్గు కడిగేసింది. తర్వాత ఇవతలికి వచ్చి, మా ఇంటి ముందుదీ కడిగింది.